గణాచారి కళ్లద్దాలు

రేపల్లె,
14-6-1970.

తెనాలి కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు, మహామేధావి పాండురంగారావు గారికి బావ సింగరయ్య రాసేది.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. ఆ క్షేమం నువ్వు మిగల్చలేదు గనక నేరుగా సంగతికి వస్తాను.

మన పల్లె కులపెద్ద వీరాస్వామి పోయిన ఆదివారం ఎండుచేపల గంపలు వేసుకుని తెనాలి వచ్చాడు. రైలుకి ఇంకా టైముందని మైకు వినపడుతున్న వైపు నడిచాడట. హేతువాదుల సభ. మైకు ముందు నువ్వు. గణాచారి అంటే ఏంటో తెలియని టౌను జనానికి విడమరిచి చెబుతున్నావట. కొలుపు జాతరలో పంబ డోళ్లు మోగుతుంటే అంకమ్మ తల్లి ఒంటిమీదికి వచ్చి పల్లెకి వాక్కు చెప్పే ఆడమనిషి అని. అక్కడిదాకా బాగానే చెప్పావు. ఆ తరవాత, మా బంధువుల్లోనే ఒక గణాచారి ఉంది, ఆవిడది పూనకం కాదు, నటన, చిన్నప్పుడు కళ్లారా చూశాను అన్నావట. జనం చప్పట్లు కొట్టారట. పేరు చెప్పలేదని నువ్వు సంబరపడుతూ ఉండవచ్చు. మన పల్లెకి ఎంతమంది గణాచారులున్నారు పాండూ? మా అమ్మ శేషమ్మ ఒక్కతే.

మా అమ్మను అన్నందుకు నిన్ను నాలుగు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. నీ అక్కను చేసుకున్న పాపానికి అంతకంటే ఎక్కువే పడ్డాను. కానీ నువ్వు ఎవరి కాళ్ల కింద గొయ్యి తవ్వావో చూసుకున్నావా? నా కూతురు శేషారత్నం కాళ్ల కింద.

మూడేళ్ల కిందటి కొలుపు గుర్తు చేసుకో. పిల్ల రేపల్లె హైస్కూల్లో చదువు ముగించింది. మా అమ్మ తరవాత గణాచారి అదేనని పెద్దలు తీర్మానించారు. గణాచారి కాబోయే పిల్ల కాలవ దాటి అవతల నిద్ర చెయ్యకూడదన్నది తాతల నాటి కట్టు. కాబట్టి చదువు చాలు, ఇంట్లో కూర్చోబెట్టండి అన్నారు. నేను నోరెత్తలేకపోయాను. అప్పుడు కొలుపులో మా అమ్మ ఒంటిమీదికి తల్లి వచ్చి, "దాన్ని కాలవ దాటించండి. అది చదవాల్సింది అవతల ఉంది" అని పలికింది. పెద్దలందరి నోళ్లూ మూతపడ్డాయి. ఆ ఒక్క మాట మీద పిల్ల తెనాలి వచ్చి నీ ఇంట్లో ఉండి పి.యు.సి. చదివింది. ఆ ఒక్క మాట మీదే బాపట్ల వ్యవసాయ కాలేజీలో చేరి మూడో సంవత్సరంలోకి వచ్చింది.

ఇప్పుడు వీరాస్వామి నా అరుగు మీద కూర్చుని అడుగుతున్నాడు. "శేషమ్మది నటన అని మీ బావమరిదే మైకులో చెప్పాడు కదయ్యా. మాట అబద్ధమైతే దాటడమూ అబద్ధమే. పిల్లను ఇవతలికి పిలిపించు." నేనేం చెప్పను?

మాట జారాను, తప్పయింది అని వీరాస్వామికి ఒక కార్డు ముక్క రాసి పడెయ్యి. పిల్లకు డిగ్రీ చేతికొచ్చేదాకా నోటికి తాళం వేసుకో. ఆ తరవాత నీ ఇష్టం వచ్చినట్టు వాగు.

నీ బావ,
సింగరయ్య


తెనాలి,
27-6-1970.

సింగరయ్య బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. తప్పులు దిద్దుకుంటూ చదవాల్సి వచ్చింది కాబట్టి జవాబు ఆలస్యమైంది.

వీరాస్వామికి నేను కార్డు రాయను. నిజం చెప్పి క్షమాపణ అడుక్కునే అలవాటు నాకు లేదు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టి ఏడాది కావస్తోంది. మీరింకా కాలవ దాటవచ్చునా కూడదా అని పెద్దల్ని అడుగుతున్నారు.

నేను చూసింది చూసినట్టే చెప్పాను. మీ పెళ్లయిన కొత్తలో, నాకు పదేళ్లప్పుడు, మీ అమ్మగారు పూనకంలో ఊగుతున్నారు. కళ్లు తేలేశారు. పంబవాళ్లు చెవులు పగిలేలా వాయిస్తున్నారు. ఇంతలో ఒక పిల్లి వచ్చి అమ్మవారి ముందు రాశి పోసిన అన్నంలో, చేపల కూరలో మూతి పెట్టబోయింది. ఆవిడ ఊగడం ఆపకుండానే వేపమండతో దాన్ని ఒక్కటేసి, "ఛీ, నీ మొహం మండ" అని మళ్లీ ఊగడం సాగించింది. ముల్లోకాలనూ ఏలే తల్లికి పిల్లిని అదిలించే పని కూడా ఉంటుందా బావగారూ? నాకు నమ్మకం పోయింది ఆ రోజే. మీ అందరికీ ఎందుకు పోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక రత్నం సంగతి. అది బాపట్ల వెళ్లింది మీ అమ్మగారి నోటి మాట వల్ల కాదు. నా ఇంట్లో నా బల్ల మీద కూర్చుని, నేనిచ్చిన లెక్కలు చేసి, మార్కులు తెచ్చుకుని వెళ్లింది. విశ్వవిద్యాలయం సీటిచ్చేటప్పుడు అంకమ్మ సిఫారసు అడగలేదు. అక్కడి హాజరు పట్టీలో ఏ దేవుడి పేరూ ఉండదు. ఏ కులం వాడైనా, ఏ గుడికి పోయేవాడైనా, ఏ గుడికీ పోని నాలాంటివాడైనా ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే ప్రశ్నకు జవాబు రాస్తాడు. నేను దానికి నేర్పింది ఒక్కటే. ఎవరు చెప్పారన్నది చూడకు, ఏం చెప్పారన్నది చూడు. చదువంటే అంతకు మించి ఏమీ లేదు.

వీరాస్వామి పిలవగానే వచ్చెయ్యడానికి అది పడవ కాదు.

పాండురంగారావు


రేపల్లె,
20-7-1970.

పాండూ,

"మహామేధావి" తీసేశాను, "గారు" తీసేశాను. నిన్ను ఎత్తుకు తిరిగినప్పుడు నీ పేరు పాండురంగడు. ఆ రావు ఎక్కడ తగిలించుకున్నావో నీకే తెలియాలి.

పిల్లి కథ మైకులో కూడా చెప్పావట. బాగా నవ్వారట. అమ్మ పల్లెను కాచే తల్లి. తన ముందు పెట్టిన అన్నాన్ని పిల్లి నుంచి కాచుకోలేనిది, గాలివాన నుంచి మమ్మల్నేం కాస్తుంది? పోయినేడు వేసవిలో గాలివాన వచ్చే ముందు, వలలు లోపల పెట్టుకోండి, పడవలు పైకి లాగండి అని మా అమ్మ నోటితో పలికింది ఎవరు? రేడియోలో చెప్పారంటావు. మన పల్లెలో అప్పటికి రేడియో ఎవరింట్లో ఉందో ఆ పేరు కూడా చెప్పు.

నువ్వు నీ చదువు ఏం నేర్పుతుందో రాశావు. మా భక్తి ఏం నేర్పుతుందో నేనూ రాస్తున్నాను, విను. తల్లి మాట అంటే మాటే. దానికి అర్థాలు వెతకడం, ఇవాళ కాదు రేపు అనడం మా ఇంటా వంటా లేదు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే భక్తి. నీ కాలేజీలో పిల్లకాయలు అడిగి అడిగి చివరికి ఏమీ చెయ్యకుండా ఇంటికి పోతారు. మా పల్లెలో వాళ్లు అడగరు, చేస్తారు.

ఇంకో సంగతి. మా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, నోరు పడిపోయాయి. రేపల్లె డాక్టరు చూస్తున్నాడు. మాట మళ్లీ వస్తుందని ఆయన అనడం లేదు. నువ్వు సభ పెట్టి తిట్టినా బదులు చెప్పుకునే నోరు ఆవిడకు లేదు. సంతోషించు.

దసరా వెళ్లాక కొలుపు. పెద్దలు కూర్చుని తేల్చారు. రత్నం వచ్చి వేపమండ పట్టాలి. తల్లి దాని ఒంటిమీదికి వచ్చి పలికితే మూడేళ్ల కిందటి మాటా నిజమే, చదువూ సాగుతుంది. రాకపోతే శేషమ్మది నటన కిందే లెక్క, పిల్ల పుస్తకాలు సర్దుకుని కాలవ ఇవతల ఉండిపోవాలి. వీరాస్వామి పెట్టిన మెలిక ఇది. నేను ఒప్పుకున్నాను. రేపు నా పడవలు సముద్రంలోకి తోయడానికి నలుగురు భుజాలు పట్టాలి కదా. అయినా నాకు భయం లేదు. తల్లి వస్తుంది.

పిల్లకు రాశాను. కాలేజీలో చేర్చేటప్పుడు నువ్వే పక్కనుండి గార్డియనుగా నీ పేరు రాయించుకున్నావు. నీ సంతకం లేనిదే హాస్టలు గేటు దాటనివ్వరట. నోరు మూసుకుని సంతకం పెట్టు.

సింగరయ్య


తెనాలి,
20-9-1970.

బావగారికి,

మీ అమ్మగారికి అలా జరిగినందుకు నిజంగానే విచారిస్తున్నాను. నాకు ఆవిడ మీద ఏనాడూ కోపం లేదు. నా కోపమంతా ఆవిడ చేత ఆ పని చేయించి, కాళ్ల మీద పడి, మీ భయాలకు ఆవిడను అడ్డం పెట్టుకున్న మగవాళ్ల మీద.

సంతకం పెట్టనని రాయడానికి రెండు సార్లు కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ల పిల్ల, మట్టిని పరీక్ష చేసి అందులో ఏ పైరు పండుతుందో చెప్పగల పిల్ల, పసుపు చీర కట్టుకుని ఊగకపోతే దాని చదువు ఆపేస్తారా? ఇలాంటి షరతుకు ఒప్పుకున్న తండ్రిని ఏమనాలో నాకు తెలిసిన తెలుగులో మాట లేదు.

తరవాత బాపట్ల వెళ్లాను. హాస్టలు ముందు బెంచీ మీద దాన్ని కూర్చోబెట్టి మాట్లాడాను. వెళ్తానంది. ఎందుకని అడిగితే, వెళ్లకపోయినా ఓడిపోయినట్టే కదా మామయ్యా అంది. అప్పుడు నాకు తట్టింది. ఇది ప్రయోగం. మనిషి ఒంటిమీదికి దేవత వస్తుందా రాదా అని పల్లె పల్లెంతా ఎదురుగా కూర్చుని చూడబోతోంది. ఇంతకంటే మంచి ప్రయోగశాల నాకు తెనాలిలో దొరకదు.

దానికి చెప్పి వచ్చాను. "వెళ్లు. వేపమండ పట్టుకో. పంబ వాయించినంతసేపు వాయించనీ. చివరికి అందరికీ వినపడేలా, నాకేమీ రాలేదు, ఎవరికీ రాదు, అని చెప్పు." ఆ తరవాత మీరు పిలిచినా అది రాదు. దాని చదువు బాధ్యత నాది. ఇవన్నీ మీ వెనక చెయ్యడం లేదు, ముందే రాస్తున్నాను.

అది కళ్లద్దాలు తుడుచుకుంటూ అంతా విన్నది. "నేనలా అంటే నానమ్మను పల్లెలో ఏమంటారు మామయ్యా?" అని ఒక్కటి అడిగింది. నిజం వల్ల ఎవరికీ చెడు జరగదని చెప్పాను.

సంతకం పెట్టాను. పిల్ల వస్తుంది. మీ వీరాస్వామిని ముందు వరసలో కూర్చోమనండి.

పాండురంగారావు


రేపల్లె,
24-10-1970.

ఫిజిక్సు లెక్చరరు గారికి,

మీ ప్రయోగం ఎలా జరిగిందో రాస్తున్నాను. నోట్సు రాసుకోండి.

పొద్దు వాలేసరికి గుడి ముందు పందిట్లో పంబ మొదలైంది. రత్నానికి పసుపు చీర కట్టారు. అది కళ్లద్దాలు తీసి నా చేతికిచ్చింది. అవి లేకపోతే దానికి ఎదురుగా ఉన్న మనిషి ఎవరో కూడా సరిగ్గా తెలియదు. మా అమ్మను మంచంతో సహా మోసుకొచ్చి ఒక పక్కన పడుకోబెట్టాం.

పంబవాళ్లు వరసలు మార్చి మార్చి వాయించారు. పిల్ల కదల్లేదు. వేపమండ పట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసే దానిలా నిలబడింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. వీరాస్వామి చుట్ట ముట్టించి నా వైపు చూశాడు. నువ్వు చెప్పి పంపిన మాట దాని నోట్లో ఉందని నాకు తెలుసు. నా చేతిలో కళ్లద్దాలు చెమటతో తడిసిపోయాయి. తల్లీ, నీ పిల్లను నువ్వే ఇంటికి తెచ్చి కూర్చోబెడతావా అని లోపల తిట్టాను కూడా.

అప్పుడు మా అమ్మ ఎడమ చేత్తో మంచం కోడు మీద కొట్టడం మొదలుపెట్టింది. పంబ దెబ్బకు సరిగ్గా దెబ్బ. ఆ చప్పుడు వైపు పిల్ల తల తిప్పింది. చూపు ఆనని కళ్లతో చాలాసేపు అటే చూసింది. భుజాలు కదిలాయి. ఆ తరవాత దాన్ని పట్టుకోవడానికి నలుగురు ఆడవాళ్లు సరిపోలేదు. అది పలికింది పల్లె మొత్తం విన్నది.

"పందిరి విప్పకండి. ఈ పందిట్లో నా ఆడపిల్లలు అక్షరాలు దిద్దాలి. ముందు కాలవ దాటినవాడు వచ్చి దిద్దించాలి. ఇది చదువు ముగించేదాకా దీని దారికి ఎవరూ అడ్డం రాకండి."

ఆ గొంతు నా కూతురిది కాదు. వీరాస్వామి చుట్ట పారేసి సాష్టాంగపడ్డాడు. నేను ఏడ్చాను. రాయడానికి నాకేం సిగ్గు లేదు. మా అమ్మ చెయ్యి కొట్టడం ఆపింది.

పిల్ల పడిపోతే మొహాన నీళ్లు చల్లాం. కళ్లు తెరిచి, "నాన్నా, కళ్లద్దాలేవి?" అంది. అంతే, మళ్లీ మామూలు పిల్ల. మూడో నాడు ఎప్పటిలాగే పందిరి విప్పించి, సామాను సర్దించి, దాన్ని బాపట్ల బండి ఎక్కించాను. వాక్కులో మిగతా సంగతులు పెద్దలు నిదానంగా కూర్చుని ఆలోచిస్తారు.

ఇప్పుడు చెప్పు. నీ విశ్వవిద్యాలయం గెలిచిందా, మా అంకమ్మ గెలిచిందా? ఈ సంగతి మైకులో ఎప్పుడు చెబుతున్నావో రాస్తే బండి కట్టించుకుని జనాన్ని తీసుకొస్తాను.

సింగరయ్య


తెనాలి,
22-11-1970.

సింగరయ్యా,

ఇంతకాలం మీరు అని రాశాను. ఇక నా వల్ల కాదు.

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. నువ్వు గొప్పగా రాసిన దాంట్లోనే నీ తల్లి గుట్టు ఉంది. స్పృహ లేని మనిషి లేవగానే కళ్లద్దాలు అడుగుతుందా? ఎవరి చేతికిచ్చిందో గుర్తు పెట్టుకుని మరీ అడుగుతుందా? అది ఆద్యంతం ఒళ్లు తెలిసే ఉంది. పల్లెను మోసం చేసింది. అంతకంటే ముందు నన్ను మోసం చేసింది.

బాపట్ల వెళ్లి మొహం మీదే అడిగాను. ఆడావా, లేక నిజంగానే నీకు మతి చలించిందా, రెండింట్లో ఏదో ఒకటి చెప్పమన్నాను. "నాకు రేపు పరీక్ష ఉంది మామయ్యా" అని లోపలికి వెళ్లిపోయింది. నేను బెంచీ మీద కూర్చుని ఎదురుచూశాను. మళ్లీ బయటికి రాలేదు.

నటనైతే అది మోసగత్తె. పూనకమైతే ఇన్నేళ్ల చదువు బూడిదలో పోసినట్టే. ఏదైనా సరే నేను భరించలేను. నా తోటి హేతువాదులు రోజూ అడుగుతున్నారు, మీ మేనకోడలు దేవతట కదా అని. నేను కాలేజీలో తలెత్తుకుని తిరగాలా వద్దా?

కాబట్టి దానికి రాశాను, నీకూ రాస్తున్నాను. నేను చేసింది నటన అని అది సంతకం చేసి ఇవ్వాలి. మా పత్రికలో అచ్చు వేయిస్తాను. జనవరి నెలాఖరులోగా ఇవ్వకపోతే గార్డియనుగా నా పేరు తీసెయ్యమని హాస్టలుకు రాస్తాను. గార్డియను లేని ఆడపిల్లను వాళ్లు ఉంచుకోరు. అప్పుడు మీ అంకమ్మను వచ్చి సంతకం పెట్టమను.

ముందు కాలవ దాటినవాడంటే నేనేనట, నన్ను పిలిపించడానికి దేవత దిగి వచ్చిందట. ఆ పందిట్లో నేను అడుగు పెడితే మీ మూఢత్వానికి ముద్ర వేసినట్టే. నేను రాను.

పాండురంగారావు


రేపల్లె,
18-12-1970.

పాండూ,

నువ్వు తెనాలిలో కూర్చుని దాని చేత నటన అని రాయిస్తున్నావన్న వార్త పల్లెకు చేరింది. పడిన వీరాస్వామి మళ్లీ లేచాడు. "పిల్ల సంతకం చేస్తోందట కదయ్యా, అందరి ముందూ ఆడిందట కదా" అంటున్నాడు. అడుక్కునేవాడి నుంచి పెద్దల దాకా ప్రతివాడూ నన్నే అడుగుతున్నాడు. ఒక పక్క నువ్వు, ఒక పక్క వీడు. నా మెడ మీద తల ఉందో లేదో తడుముకోవాల్సి వస్తోంది.

కళ్లద్దాల గురించి రాశావు. తల్లి వెళ్లిపోయాకే కదా అడిగింది. కళ్లు కనపడనిది కళ్లద్దాలు అడక్క మరేం అడుగుతుంది? నీ చదువుకు ఆ మాత్రం తట్టలేదు.

కానీ నీతో నాకేంటి. పిల్ల క్రిస్మస్ సెలవులకు వస్తుంది. వచ్చాక అంకమ్మ ముందు అరచేతిలో కర్పూరం వెలిగించి, నోట్లో ఆర్పుకుని, పలికింది తల్లే అని ప్రమాణం చెయ్యాలి. పల్లె మొత్తం చూడాలి. నీ పత్రికకూ వీరాస్వామికీ అదే జవాబు. చెయ్యకపోతే తిరిగి బాపట్ల పంపించను. నా పడవలు సముద్రంలో మునిగినా సరే, దానికి డిగ్రీ లేకపోయినా సరే.

నిజం చెబుతున్నాను, బండి ఎక్కించేటప్పుడు నేనూ దాన్ని అడిగాను. "అమ్మా, తల్లి వచ్చిందా?" అని. అది నా వైపు చూసి, నానమ్మకు మందు వేళకి ఇవ్వు నాన్నా అంది. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. దీనికి కారణం నువ్వు. పిల్ల నోట్లోంచి ఒక మాట రాకుండా చేసింది నీ కాలేజీలు.

సింగరయ్య


బాపట్ల,
24-1-1971.

నాన్నకు, మామయ్యకు,

మీ ఇద్దరికీ ఒకటే ఉత్తరం. రెండు కాపీలు రాశాను. ఒకరికి రాసింది ఇంకొకరికి వేరేగా రాశానని అనుకోకండి.

ముందు హాస్టలు సంగతి. మామయ్యా, నీ పేరు నువ్వు తీసేసే పని లేదు, నేనే తీయించాను. మాకు మట్టి పాఠాలు చెప్పే రాజ్యలక్ష్మి మేడమ్ గార్డియనుగా సంతకం పెట్టారు. ఆవిడ ప్రతి శనివారం ఉపవాసం ఉంటారు. నా పూనకం గురించి విన్నారు, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాన్నా, సెలవులకు వచ్చాను, ప్రమాణం చెయ్యలేదు, సెలవులయ్యాక తెల్లవారుజామున మొదటి బండికి వచ్చేశాను. నువ్వు పంపలేదు. అమ్మ స్టేషను దాకా వచ్చి ఎక్కించింది. నేను డిగ్రీ ముగిస్తాను. అందులో మీ ఇద్దరి అనుమతీ నాకు ఇక అవసరం లేదు.

ఇప్పుడు మీరు అడిగినదానికి. పలికింది ఎవరు? నేను చెప్పను. తల్లి అంటే నాన్న గెలుస్తాడు, నేను అంటే మామయ్య గెలుస్తాడు. నన్ను మధ్యలో నిలబెట్టి మీరు ఆడుకునే ఆటలో ఎవరు గెలిస్తే నాకేంటి? మంచం కోడు మీద కొట్టిన నానమ్మకు తెలుసు. ఆవిడకు మాట లేదు. ఉన్నా చెప్పదు.

నాకు కోపం వచ్చింది అందుకు కాదు. నాన్నా, తల్లి మాటకు అర్థాలు వెతక్కూడదు, చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే భక్తి అని నువ్వే రాశావు. పందిరి విప్పకండి అన్న మాట విని సాష్టాంగపడ్డారు, మూడో నాడు లేచి పందిరి విప్పేశారు. ఎందుకని అడిగితే ఎప్పుడూ మూడో నాడే విప్పుతాం కదమ్మా అన్నావు. ఇప్పుడు ఆ వెదుళ్ల మీద నీ చేపలు ఎండుతున్నాయి. నా దారికి అడ్డం రావద్దన్న మాట కూడా విన్నావు. కర్పూరం పట్టుకుని అడ్డం నిలబడింది నువ్వే. అది దేవత మాటేనని నమ్మినవాడివి ఇలా చెయ్యగలిగావంటే, నమ్మనివాళ్లకు నువ్వేం చెప్పగలవు?

మామయ్యా, నువ్వు నాకు నేర్పింది ఒక్కటే. ఎవరు చెప్పారన్నది చూడకు, ఏం చెప్పారన్నది చూడు. నా చేత సంతకం పెట్టించడానికి మూడు నెలల్లో ఎన్ని ఉత్తరాలు రాశావు? పలికింది నేనే అని కదా నీ వాదన. అయితే నీ మేనకోడలు, నువ్వు చదివించిన పిల్ల, ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించడానికి రమ్మని నలుగురిలో నిన్ను పిలిచింది. తెనాలి నుంచి రేపల్లెకు రోజూ రైలుంది. నువ్వు రాలేదు. వేదిక ఎక్కి పల్లెవాళ్లకు చదువు లేదని చప్పట్లు కొట్టించుకోవడానికి నీకు టైముంది.

పలికింది ఎవరని అందరూ అడిగారు. ఏం పలికిందో అది ఒక్కరూ చెయ్యలేదు.

సెలవుల్లో ఇంట్లో ఉన్న మామయ్య ఉత్తరాలన్నీ చదివాను. నీ తండ్రి భాష చూడు అని మామయ్య నాన్న ఉత్తరాలు నాకు బాపట్లలో ఇచ్చాడు, అవీ పట్టుకెళ్లాను. అన్నీ అమ్మకు చదివి వినిపించాను. అమ్మ చేపలు తోముతూ విన్నది. వాటిలో నానమ్మ పేరుంది, అంకమ్మ పేరుంది, వీరాస్వామి పేరు మాటిమాటికీ ఉంది. పిల్లి కూడా ఉంది. అంతా అయ్యాక అమ్మ, "నా పేరు ఎక్కడుందే?" అంది. వెతికాను. నీ అక్కను చేసుకున్న పాపానికి అని నాన్న ఒక్కచోట అన్నాడు, అక్కడా పేరు లేదు. తమ్ముడు అక్క ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. లేదమ్మా అని చెప్పాను.  మర్నాడు అమ్మ పోయి పందిరి వెదుళ్లలో నాలుగు తీసి ఇంటి పక్కన నిలబెట్టుకుంది. వాటి మీద చేపలు ఎండెయ్యనివ్వడం లేదు.

వేసవి సెలవులకు వస్తున్నాను. ఆ నాలుగు వెదుళ్లూ నేనూ అమ్మా కలిసి పాతుతాం. వీరాస్వామి మనవరాలు అంకమ్మ వస్తానంది, ఇంకా ముగ్గురు వస్తామన్నారు. మీరిద్దరూ వస్తే పలకలు తీసుకురండి. రాకపోతే కనీసం ఉత్తరాలు ఆపండి.

ముందు వరసలో అమ్మ కూర్చుంటుందట. మొదటి రోజు ఏం దిద్దిస్తావే అని అడిగింది. నీ పేరే దిద్దిస్తాను అన్నాను. రత్తమ్మ. మూడే అక్షరాలు.

శేషారత్నం